గుండ్రాయి

2019లో, నాకు 31 ఏళ్ళ వయసులో, ఒక ఆసుపత్రి రక్త వ్యాధుల విభాగంలో కౌంటరు ముందు నిలబడి ఉండగా అవతలి మనిషి తల ఎత్తకుండానే "పేషెంటు పేరు?" అని అడిగాడు. నేను మా తమ్ముడి పేరు చెప్పాను. పుట్టిన తేదీ అడిగితే వాడి తేదీయే చెప్పాను. జబ్బేమిటంటే థలసీమియా మేజర్ అన్నాను. రసీదు చేతికి వచ్చి దాని మీది పేరు చూసుకున్నాక గానీ, ఆ రోజు తమ్ముడు నాతో రాలేదనీ, పరీక్ష చేయించుకోవలసినది నేననీ నాకు గుర్తు రాలేదు. మళ్ళీ వరుసలో నిలబడి తప్పు దిద్దమన్నప్పుడు అతను "పేషెంటు మీరేనా?" అని రెండు సార్లు అడగవలసి వచ్చింది, ఎందుకంటే మొదటిసారి నేను జవాబే చెప్పలేదు.

అది పాతికేళ్ళ అలవాటు. తమ్ముడు 1993లో, నా కంటే అయిదేళ్ళ తరువాత పుట్టాడు. హిమోగ్లోబిన్ సరిగా తయారు కాక రక్తం తగ్గిపోయే ఈ జబ్బు ఉన్న బిడ్డ పుట్టిన కొత్తల్లో అందరిలాగే ఉంటాడు. గర్భంలో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ తగ్గిపోయి పెద్దవాళ్ళలో ఉండే రకం దాని స్థానంలోకి రావలసిన నెలల్లో, అది రాకపోవడం వల్ల బిడ్డ పాలిపోవడం మొదలవుతుంది. వాడికి ఎనిమిదో నెల నడుస్తుండగా జబ్బు పేరు తెలిసింది. ఆ రోజు నన్ను ఇంట్లో వదిలిపెట్టడానికి ఎవరూ లేక వెంట తీసుకువెళ్ళారు. డాక్టరు అమ్మానాన్నలతో చెప్పిన మాటల్లో నాకు అర్థమైనది ఒక్కటే: "మీ ఇద్దరి నుంచీ చెరో సగం వచ్చింది." అమ్మా నాన్నా ఇద్దరూ పైకి ఏ లక్షణాలూ లేని వాహకులనీ, ఇద్దరి దగ్గరి నుంచీ లోపమున్న జన్యువే వస్తే జబ్బు వస్తుందనీ ఆయన వివరించి ఉంటారు. ఆరేళ్ళ నాకు తట్టిన అర్థం వేరు. అమ్మలో ఒక మంచి సగం, ఒక చెడ్డ సగం, నాన్నలోనూ అంతే, ముందు పుట్టినదాన్ని కాబట్టి మంచి సగాలు రెండూ నేను తీసేసుకున్నాను, తరువాత వచ్చినవాడికి మిగిలినవి దక్కాయి. ఇందులో తర్కానికి లోటేమీ లేదు. పంపకాల్లో పెద్దవాళ్ళు ముందు తీసుకోవడం నేను చూసినదే. ఈ సంగతి నేనెవరినీ అడగలేదు, నాకెవరూ ఏమీ చెప్పలేదు.

మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. అంటే ఏడాదికి 17 సార్లు. మా ఇంట్లో కాలం నెలల్లో కాక ఈ మూడు వారాల్లో నడిచేది. ఎక్కించిన కొత్తల్లో వాడు ఇల్లంతా పరుగులు పెట్టేవాడు. మూడో వారానికి మెట్ల దగ్గర ఆగి ఎత్తుకోమనేవాడు. ఆ మెట్ల దగ్గర ఆగడాన్ని బట్టి అమ్మ మాట వేగం, నాన్న ఫోన్లు, నన్ను ఎవరింట్లో పెట్టాలన్న చర్చ మొదలయ్యేవి. ఎక్కువసార్లు పెద్దమ్మ ఇంట్లో ఉండేదాన్ని. నాకు జ్వరం వచ్చినా, పడి మోకాలు చెక్కుకుపోయినా పెద్దమ్మ ఒకటే అనేది: "నీకేమే, గుండ్రాయిలా ఉన్నావు." అది మెచ్చుకోలే. ఆవిడ ముఖంలో నిజమైన సంతోషం ఉండేది, ఒక్క పిల్లయినా అలా ఉన్నందుకు. అయితే ఆ మాట విన్న ప్రతిసారీ ఎవరో లెక్క అడుగుతున్నట్టు అనిపించేది, ఎందుకంటే ఆ గుండ్రాయితనం ఎక్కడి నుంచి వచ్చిందో నాకొక్కదానికే తెలుసునని నేను అనుకునేదాన్ని.

నేను నిర్లక్ష్యానికి గురయ్యానని చెప్పను. నాకు ఏదీ తక్కువ కాలేదు. నాన్న నా పుస్తకాలకు అట్టలు వేసేవాడు. ఆసుపత్రి నుంచి రాత్రి పది గంటలకు వచ్చి కూడా వేసేవాడు. తక్కువైనది మరొకటి. నా గురించి ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "తమ్ముడెలా ఉన్నాడు?" అయి ఉండేది, దానికి నేను పెద్దవాళ్ళ భాషలో, హిమోగ్లోబిన్ అంకెతో సహా జవాబు చెప్పేదాన్ని, విన్నవాళ్ళు నిట్టూర్చి నా తల నిమిరి వెళ్ళిపోయేవారు. రెండో ప్రశ్న ఉండవచ్చని నాకు తోచేది కాదు. ఈ మధ్య ఇలాంటి పిల్లల గురించి మాట్లాడేటప్పుడు త్యాగం అన్న మాట వాడుతున్నారు, అది నాకు నచ్చదు. త్యాగం చేయాలంటే ముందు ఎవరైనా అడగాలి, మనం ఒప్పుకోవాలి.

నాకు పదేళ్ళు వచ్చేసరికి ఒక పని దొరికింది. ఎక్కించిన రక్తంతో పాటు ఇనుము కూడా వస్తుంది, ఒక పూర్తి సంచితో 200 నుంచి 250 మిల్లీగ్రాముల దాకా. దాన్ని రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించి బయటికి పంపే దారి శరీరానికి లేదు కనుక మిగిలినదంతా కాలేయంలో, గుండెలో, గ్రంథుల్లో పేరుకుంటుంది. ఆ రోజుల్లో దాన్ని లాగే మందును చిన్న బ్యాటరీ పంపుతో, పొట్ట చర్మం కిందికి, రాత్రంతా ఎనిమిది నుంచి పది గంటల పాటు, వారానికి అయిదారు రాత్రులు పంపించేవారు. మందు తెల్లటి పొడిగా సీసాలో ఉంటుంది. అందులోకి నీళ్ళు ఎక్కించి కరిగించాలి. గట్టిగా కుదిపితే నురగ వచ్చి సిరంజిలోకి సరిగా రాదు. అందుకని అమ్మ సీసాను నా చేతికిచ్చేది. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని మెల్లగా దొర్లిస్తూ ఉంటే అడుగున గడ్డలా ఉన్న పొడి అంచుల నుంచి సన్నగిల్లుతూ, చివరికి ఒక చిన్న మంచు పలుకులా తేలి, అదీ మాయమై నీరు తేటపడేది. నా చేతుల వెచ్చదనానికే అది కరుగుతోందని నేను నమ్మేదాన్ని. సూది గుచ్చేటప్పుడు మాత్రం గదిలో ఉండేదాన్ని కాదు. వాడి కేకకు తలుపు అవతల నిలబడి అంకెలు లెక్కపెట్టుకునేదాన్ని. మామూలుగా పన్నెండు లోపు ఆగిపోయేది. పొద్దున్నే వాడి మూత్రం ఎర్రగా వస్తే ఇనుము పోతున్నట్టు. అమ్మ ఆ రంగు చూసి వచ్చాక గానీ ఇంట్లో ఎవరూ మామూలుగా మాట్లాడుకునేవారు కాదు.

సూది పడిన రోజు వాడికి ఏదో ఒక బొమ్మ వచ్చేది. నాకు సూదులు లేవు కనుక బొమ్మలు లేవు. ఆ లెక్కా నాకు న్యాయంగానే తోచేది. ఒకసారి మాత్రం వాడు నా లెక్కల నోటుబుక్కులో పేజీలు చింపితే వీపు మీద ఒక్కటి వేశాను. వాడు ఏడవలేదు, నాకేసి కుతూహలంగా చూశాడు. అప్పటిదాకా వాణ్ణి ఎవరూ కొట్టలేదు.

1999లో నాకు 11 ఏళ్ళు. మూలుగ మార్పిడి చేస్తే జబ్బు పూర్తిగా నయమవుతుందనీ, అందుకు తోబుట్టువు దాతగా ఉంటే మంచిదనీ ఇంట్లో మాట మొదలయింది. దానికి ముందు, దాత మూలుగ రోగికి సరిపోతుందో లేదో చూసే హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేయాలి. "ఒక చిన్న రక్త పరీక్ష" అని మాత్రమే నాతో అన్నారు. మిగిలినది నేను చెవులారా విన్నాను: నాకు మత్తు ఇచ్చి బోర్లా పడుకోబెట్టి నడుము వెనక ఎముకలోకి లావుపాటి సూదులు దింపి మూలుగను లాగుతారని నాన్న ఎవరితోనో ఫోనులో అంటున్నాడు. అది కొన్ని వారాల్లో తిరిగి తయారవుతుందన్న సంగతీ ఆయన చెప్పే ఉంటాడు, నాకు వినిపించలేదు. నా నడుములో నుంచి తీసినది అక్కడ ఖాళీగానే ఉండిపోతుందనీ, నేను ఇక వంగలేననీ అనుకున్నాను.

నమూనా ఇచ్చిన రోజుకూ ఫలితం వచ్చిన రోజుకూ మధ్య రాత్రుళ్ళు, పక్క మంచం మీద పంపు సన్నగా కిర్రుమంటుండగా, నేను ఒక్కటే కోరుకున్నాను: సరిపోకూడదు. వాడు బాగుపడకూడదని కాదు. వాడు ఇంకెవరిదైనా మూలుగతో బాగుపడాలి. ఆ వివరం నాకు ఇప్పటికీ ముఖ్యం. కానీ ఆ వయసులో కూడా, ఇంకెవరూ లేరు కాబట్టే నన్ను పరీక్షించారని నాకు తెలుసు.

సరిపోలేదు. ఆ సాయంత్రం నాన్న ఒక్కొక్కరికే ఫోను చేసి చెబుతూ వచ్చాడు: "పిల్లది మ్యాచ్ కాలేదు." అంటే పిల్ల చేయవలసిన పనేదో చేయలేదన్నట్టు. ఆయన ఉద్దేశం అది కాదని ఈ రోజు తెలుసు. ఆ రాత్రి మాత్రం మొదట నా ఒళ్ళంతా తేలికయింది. ఆ వెంటనే, తేలికపడిన మనిషిని నేనేనని గ్రహించాను. మంచి సగాలు తీసుకున్నదీ నేనే, తిరిగి ఇవ్వవలసి వచ్చినప్పుడు ఇవ్వకుండా తప్పించుకున్నదీ నేనే. అమ్మ నా దగ్గరికి వచ్చి "ఏం పరవాలేదులే" అంది. ఆవిడ నన్ను క్షమించిందని అర్థం చేసుకున్నాను. అంటే నేరం ఉన్నట్టే కదా.

చాలా ఏళ్ళ తరువాత, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2010లో దాతలుగా ఉండే పిల్లల గురించి ప్రకటించిన విధానం చదివాను. తల్లిదండ్రుల అనుమతితో పాటు, వీలైనచోట పిల్ల సమ్మతి కూడా తీసుకోవాలనీ, రోగి వైద్యులతోనూ రోగి ప్రయోజనంతోనూ సంబంధం లేని ఒక మనిషి ఆ దాత పక్షాన ఉండాలనీ, ఆ మనిషి పాత్ర హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేయించాలా వద్దా అన్న నిర్ణయం నుంచే మొదలు కావాలనీ అందులో ఉంది. ఆ చివరి వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నా విషయంలో దానం జరగనే లేదు. ఏమీ జరగలేదు కాబట్టి ఎవరూ దాని గురించి మళ్ళీ ఎత్తలేదు.

పద్దెనిమిది నిండగానే, ఎవరికీ చెప్పకుండా రక్తదానానికి వెళ్ళాను. తమ్ముడికి నేరుగా ఎక్కించడానికి కాదు. మేము బ్లడ్ బ్యాంకు నుంచి తెచ్చుకునే సంచులకు బదులుగా నాన్న ప్రతిసారీ దాతలను వెతుక్కునేవాడు, ఆ లెక్కలో ఒకటి నాదవుతుందని. వేలి కొనన గుచ్చి చూసి, హిమోగ్లోబిన్ 10.4 ఉంది, 12.5 ఉంటే గానీ తీసుకోమని పంపించేశారు. గుండ్రాయికి రక్తం తక్కువ! దగ్గరలోనే ఒక డాక్టరును కలిస్తే, ఆ వయసు అమ్మాయిల్లో మామూలేనని ఇనుము మాత్రలు రాశారు. ఇంట్లో ఎవరికైనా రక్తానికి సంబంధించిన జబ్బు ఉందా అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. నాకు సంబంధించిన చోట తమ్ముడి మాట ఎత్తడమంటే వాడి జబ్బును నా అవసరానికి వాడుకున్నట్టు అనిపించేది.

ఆ మాత్రలను చదువు బల్ల సొరుగులో, జామెట్రీ బాక్సు కింద దాచుకుని మూడు నెలలు వేసుకున్నాను. ఒక గదిలో వాడి ఒంట్లోని ఇనుమును చుక్క చుక్కగా లాగడానికి ఇల్లంతా కష్టపడుతుంటే, పక్క గదిలో నేను ఇనుము మింగుతున్నాను. ఈ హాస్యం అప్పుడు నాకు తట్టలేదు. మూడు నెలల తరువాత మళ్ళీ చూపించుకుంటే 10.5 వచ్చింది. మాత్రలు సరిగా వేసుకోవడం లేదని డాక్టరు కోప్పడ్డారు. బహుశా వేసుకోవడం లేదేమోనని నేనే నమ్మాను.

ఈలోగా ఇనుమును తగ్గించడానికి రోజుకొకసారి నీళ్ళలో కలుపుకుని తాగే మందు వచ్చింది. 2005 చివరలో అమెరికాలో అనుమతి పొందిన ఆ మందు మరి రెండేళ్ళకు మా ఇంట్లోకి వచ్చింది. పంపు అటక మీదికి వెళ్ళింది. అందరం సంతోషించాం. నేను కూడా సంతోషించాను, కాకపోతే రాత్రి ఎనిమిది దాటాక నా చేతులను ఏం చేయాలో కొంతకాలం తోచలేదు. చదువు, ఉద్యోగం, పెళ్ళి మామూలుగానే జరిగాయి. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఏ జబ్బు చేసినా చివరి రోజు దాకా ఎవరికీ చెప్పకపోవడం, చెప్పవలసి వచ్చినప్పుడు ముందుగా క్షమాపణ అడగడం నా భర్త గమనించి విసుక్కునేవాడు.

పిల్లల గురించి ఆలోచించడం మొదలుపెట్టినప్పుడు పరీక్ష చేయించుకుందామన్నది కూడా అతనే. మామూలు రక్త పరీక్ష, దానితో పాటు హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ. రెండూ ఒక్క సూదితో అయిపోయాయి. మూడు రోజుల తరువాత నాకు ఫలితం వివరించినావిడ జన్యు సలహాదారు. నా ఎర్ర కణాలు మామూలు కంటే చిన్నవి, వాటిలో హిమోగ్లోబిన్ తక్కువ. హెచ్‌బీఏ2 అనే రకం 3.5 శాతానికి లోపు ఉండవలసినది నాకు 5.2 ఉంది. "మీరు థలసీమియా మైనర్. వాహకులు," అన్నారావిడ. మీకు జబ్బు లేదు, ఇనుము మాత్రలు ఇనుము లోపం ఉందని తేలితే తప్ప వేసుకోకండి అని కూడా అన్నారు. పక్కనే కూర్చున్న నా భర్త ఫలితం మామూలుగా ఉంది. కాబట్టి మా పిల్లలకు మేజర్ వచ్చే ప్రమాదం లేదు, ఒక్కొక్కరూ వాహకులయ్యే అవకాశం సగానికి సగం.

నాకు మాత్రం ఆవిడ చెప్పిన మొదటి వాక్యం తరువాతవేవీ సరిగా వినపడలేదు. రెండు మంచి సగాలు నాకు రాలేదు. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. చెడ్డది నాకూ వచ్చింది, ముందే వచ్చింది, వాడు పుట్టడానికి అయిదేళ్ళ ముందు నుంచీ నాలో ఉంది. ఆవిడ నా ముఖం చూసి భయపడ్డానని అనుకున్నట్టున్నారు. ఇది ప్రమాదమేమీ కాదని మరోసారి నెమ్మదిగా చెప్పసాగారు. వాహకురాలినని తెలిసి ఆవిడ ముందు అంతగా ఊరట పొందిన మనిషి ఇంకెవరూ కూర్చుని ఉండరు.

అప్పుడు అడిగాను, ఈ మైనర్ వల్లనే నా మూలుగ తమ్ముడికి సరిపోలేదా అని. కాదన్నారు. మైనర్ ఉన్న తోబుట్టువులు కూడా మూలుగ ఇస్తారు. కాగితం మీద రెండు జతల గీతలు గీసి, ఒక జతకు 6 అనీ మరొక జతకు 11 అనీ అంకెలు వేశారు. హెచ్‌ఎల్‌ఏ జన్యువులు 6వ క్రోమోజోము మీద ఉంటాయి, ఈ హిమోగ్లోబిన్ జన్యువు 11వ దాని మీద ఉంటుంది. రెండిటికీ ఒకదానితో ఒకటి పని లేదు. తోబుట్టువు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. ఆ తోబుట్టువుకు మేజర్ లేకుండా ఉండే అవకాశం నాలుగింట మూడు. రెండూ కలిసిరావాలంటే పదహారింట మూడు. "అంటే మీరు సరిపోయి ఉంటేనే వింత," అన్నారు. ఇంకేమైనా అడగాలా అంటే లేదన్నాను. ఆ గీతలు గీసిన కాగితం మాత్రం అడిగి తెచ్చుకున్నాను.

బయటికి వచ్చి తమ్ముడికి ఫోను చేశాను. వాడికప్పుడు 26 ఏళ్ళు, ఉద్యోగం చేస్తున్నాడు, 400కు పైగా రక్తపు సంచులు చూసినవాడు. "నాకు మైనర్ అటరా," అన్నాను. కాసేపు ఆగి, "అయితే ఫైలు చేయించుకున్నావా, లేక విడి కాగితాలతో తిరుగుతున్నావా?" అన్నాడు. మా ఇంట్లో ఫైళ్ళ విషయంలో వాడిదే తీర్పు.

ఆ రాత్రి వాడు ఒక ఫోటో పంపాడు. వాడి మొట్టమొదటి ఫైలు నుంచి, పసుపు పట్టిన ఒక కాగితం. పైన నా పేరు, వయసు 11. హెచ్‌ఎల్‌ఏ పరీక్షతో పాటే చేసినది. హెచ్‌బీఏ2 5.1. కింద ఎర్ర సిరాతో మైనర్ అన్న మాట చుట్టూ సున్నా. 20 ఏళ్ళుగా అది వాడి కాగితాల్లో, వాడి ఫైలు కోసం గుచ్చిన రెండు రంధ్రాలతో ఉంది. అమ్మను అడిగితే చాలాసేపు ఆలోచించి, "పిల్లకు ప్రమాదం లేదన్నారు. ఆ ముక్క చెవిన పడ్డాక మిగతాది వినలేదే," అంది. అబద్ధం కాదు. ఆ ఏడాది ప్రమాదం లేదన్న మాట ఆవిడకు ఇంకెక్కడా వినపడి ఉండదు.

మరునాడు కాగితం ఇవ్వడానికి వాడే వచ్చాడు. అప్పుడు చెప్పాను, ఆ రాత్రుళ్ళు నేను కోరుకున్నదేమిటో, మొత్తంగా, వాడి ముఖం వైపు చూడకుండా. వాడు విని, "నాకప్పుడు ఆరేళ్ళు కదక్కా. ఆ పరీక్ష రోజు నాకు గుర్తున్నది ఒక్కటే. మొదటిసారి నీక్కూడా సూది గుచ్చారు. నువ్వు ఎప్పుడు ఏడుస్తావా అని చూస్తూ కూర్చున్నాను. ఏడవలేదు. ఒళ్ళు మండిపోయింది," అన్నాడు.